పైనుంచి లెక్కపెట్టిన రాళ్ళు

కింది ఊరు, డిపో వెనక వీధి
జనవరి 5

ఏమోయ్ బావమరిదీ,

బతికే ఉన్నావా? ఉంటే ఈ ఉత్తరం చదువు. లేకపోతే నీ గది తాళం పగలగొట్టినవాళ్ళు చదువుకుంటారు.

ఇక్కడ డీజిల్ లేదు. నలభై రోజులైంది. డిపో ముందు మొదలైన లారీల వరస మా గుమ్మం దాకా వచ్చింది. డ్రైవర్లు మా అరుగు మీదే గడ్డాలు గీసుకుంటున్నారు. ఒకడు కునుకు తీస్తే చాలు, వెనకవాడు వాడి ట్యాంకులో రబ్బరు గొట్టం దూర్చి పీల్చేస్తున్నాడు. మొన్న ఒకడు పీల్చి పీల్చి మింగేశాడు. ఆస్పత్రికి తీసుకెళ్దామంటే వాడి బండిలో చుక్క లేదు. ఉన్నదంతా వాడి కడుపులోనే ఉంది.

పై దారి సంగతి నీకు తెలిసే ఉంటుంది. నడిమధ్యనున్న బంకు మూసేశారు. మనిద్దరం రోడ్ల శాఖ లారీలో తిరిగిన రోజులు మళ్ళీ వచ్చాయి. కిలోమీటరుకో రాయి చొప్పున రెండు వందల నలభై రాళ్ళ దారి, ఎక్కడా అంకె లేని రాళ్ళు, మధ్యలో అడిగి పోయించుకుంటే తప్ప చమురు లేదు. దానివల్ల ఏమైందో తెలుసా? జనం 'దారితోడు' కోసం వెతుక్కుంటున్నారు! ఇరవై రెండేళ్ళ నాటి పుస్తకం! పెట్టెల అడుగునుంచి తీసి దులుపుకుంటున్నారట. ప్రెస్సు ఆయన స్వయంగా ఇంటికొచ్చి మళ్ళీ అచ్చు వేద్దామన్నాడు. ముందుమాట ఎవరైనా చదువుకున్నవాళ్ళు రాస్తే బాగుంటుందన్నాడు. నా ఎరికలో నీకన్నా చదువుకున్నవాడు ఎవడున్నాడు? రెండు పేజీలు రాసి పంపు. పాత మాటలు మనసులో పెట్టుకోకు. ఆ రోజుల్లో ఎవరో ఒకరు అచ్చు వెయ్యాలిగా, నేను వేశాను.

ఇంకో సంగతి. మా అమ్మాయి, మన డాక్టరమ్మ, నీ దగ్గరికే వస్తోంది. పై ఊళ్ళలో పశువులకు గాలికుంటు పుట్టిందని, టీకాలు వేసి రమ్మని దాని ఆఫీసు ఉత్తర్వు ఇచ్చింది. ఇరవై నాలుగున పొద్దున్నే ప్రయాణం. బండి నడిపేది నిదానం. గుర్తున్నాడుగా, నా దగ్గర స్టీరింగు పట్టడం నేర్చుకున్నవాడు, నోరు తెరిస్తే 'నిదానం, నిదానం' అంటాడని నువ్వే ఆ పేరు పెట్టావు. కోటా కింద ఇచ్చిన డీజిల్ నూట పది రాళ్ళకు వస్తుంది. ఫరవాలేదు, తొంభయ్యో రాయి దగ్గర ఎడమకి తిరిగితే క్వారీ ఉంది, క్వారీ ట్యాంకు ఎప్పుడూ ఎండదు. పుస్తకంలో చూసే లెక్క కట్టుకున్నారు.

మీ అక్క నీకో స్వెట్టరు అల్లింది. పిల్ల తెస్తుంది.

నీ బావ


పై ఊరు, పఠన మందిరం మేడమీద గది
జనవరి 12

'దారితోడు' గ్రంథకర్త, రజత పతక గ్రహీత, మా అక్క మొగుడు గారికి,

తమరి ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకోవడానికి, రెండోసారి నిజంగానే అడిగావా లేదా అని చూసుకోవడానికి. నిజంగానే అడిగావు. నా జేబులోంచి తీసిన రుమాలుతో మొహం తుడుచుకుని, 'దీన్ని కాస్త మెచ్చుకో' అన్నవాణ్ణి నేను చదివిన ఏ పుస్తకంలోనూ చూడలేదు. అబద్ధాలు రాసి బతికేవాళ్ళకు కూడా తోచనిది నీకు తోచింది.

ముందుమాటలో ఏం రాయమంటావు? పధ్నాలుగేళ్ళు నీ పక్క సీట్లో కూర్చుని, మోకాలి మీద నోటుబుక్కు పెట్టుకుని, గుంతలో లారీ పడ్డప్పుడల్లా అక్షరం ఎగిరిపోతుంటే పట్టుకుని రాసినవాడు ఎవడో రాయమంటావా? నా తొడ ఎముక విరిగి ఆస్పత్రిలో పడుకున్నప్పుడు పరామర్శకని వచ్చి, 'కాలక్షేపానికి చదువుకుంటానోయ్' అని ఆ నోటుబుక్కు పట్టుకెళ్ళినవాడు ఎవడో రాయమంటావా? నీ జన్మలో నువ్వు కాలక్షేపానికి చదివింది ఒక్కటే, సినిమా గోడపత్రిక. అయినా ఇచ్చాను. రెండు నెలలకు తెచ్చి ఇచ్చావు. ఏడాదికి పుస్తకం వచ్చింది. అట్ట మీద స్టీరింగు పట్టుకున్న నీ ఫోటో. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళను చూశాను. నువ్వు కాయలమ్ముకుని, చెట్టుందన్న మాటే ఎక్కడా చెప్పలేదు.

ఎత్తుకుపోయినవాడివి ఎత్తుకుపోయినట్టు ఉంచావా? అదీ లేదు. చలికి డీజిల్ మైనంలా గడ్డకడుతుంది, అయిదు లీటర్లకు ఒక లీటరు కిరసనాయిలు కలపాలి అని నేను రాస్తే, నువ్వు 'తగినంత' అని వేయించావు. అదేమన్నా పులుసా, తగినంత ఉప్పు వెయ్యడానికి? ఎత్తు మీద ఉన్నప్పుడు డీజిల్ ముల్లు అబద్ధం చెబుతుంది, బండిని చదును మీద ఆపి కర్ర ముంచి చూడాలి అని రాస్తే, కర్ర తీసేసి 'అనుభవంతో గ్రహించాలి' అన్నావు. పాత డ్రమ్ములోంచి పోసుకునేటప్పుడు కంబళిగుడ్డలో వడకట్టమంటే 'శుభ్రమైన వస్త్రం' అయింది. పల్చటి గుడ్డలో నీళ్ళు దిగిపోతాయి, కంబళిలో ఆగుతాయి. ఎందుకు కంబళి అన్నానో అడిగే తీరిక కూడా నీకు లేకపోయింది. వీటన్నిటికీ ముందు 'డ్రైవరు సోదరులారా!' అని ఒక పిలుపు, రోడ్ల శాఖ మంత్రిగారి మీద ఒక పద్యం. ఆ పద్యం మాత్రం పూర్తిగా నీదే, ఒప్పుకుంటాను. ఎవరూ దొంగిలించరు.

మొత్తం ముప్పై ఒక్క తప్పులున్నాయి. పుస్తకం కొన్న రోజే లెక్కపెట్టాను. (అవును, కొన్నాను. నాకు ఒక కాపీ పంపాలని నీకు తోచలేదుగా.) ముప్పై తప్పుల పట్టీ ఈ ఉత్తరంతో జతచేశాను, నీ ప్రెస్సు ఆయనకు ఇచ్చుకో. ముప్పై ఒకటోది మాత్రం నా దగ్గరే ఉంచుకుంటున్నాను. ముసలితనంలో మనిషికి దాచుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. నీకు పతకం ఉంది, నాకు ఇది ఉంది.

డాక్టరమ్మ వస్తోందని రాశావు. గది ఊడ్పించి, పొయ్యి వెలిగించి ఉంచుతాను. అక్క స్వెట్టరు అల్లినందుకు సంతోషం. మన ఇంట్లో తను చేసిన పని మీద తన పేరుండే మనిషి అది ఒక్కతే.

నీ బావమరిది


కింది ఊరు
జనవరి 18

బావమరిదికి,

నీ ఉత్తరం మీ అక్క చదివి వినిపించింది. కళ్ళజోడు విరిగింది కాబట్టి ఆ భాగ్యం దానికి దక్కింది. మధ్యలో రెండుచోట్ల ఆగింది. నేను దొంగనని చదవడానికి ఆగిందా, అది నిజమని ఆగిందా అన్నది అడగలేదు.

సరే, నువ్వు రాశావు, నేను అచ్చు వేశాను. ఇన్నేళ్ళకు నా నోటితో అనిపించావు, ఇక కడుపు చల్లబడిందా? ఇప్పుడు నా మాట విను. నువ్వు రాసినవన్నీ ఎవడి నోటినుంచి విన్నావు? క్వారీ కాపలావాడితో చలిలో సిగరెట్టు పంచుకుని ట్యాంకు ఎక్కడుందో కనుక్కుంది నేను. టవరు దగ్గర జనరేటరు చూసుకునేవాడి కూతురికి మందులు తెచ్చిపెట్టి, అవసరానికి ఇరవై లీటర్లు ఇస్తానని మాట పుచ్చుకుంది నేను. నువ్వు బండి దిగేవాడివా? పైకి వెళ్ళేటప్పుడు నవల చదువుకునేవాడివి, కిందికి దిగేటప్పుడు నోటుబుక్కు తీసి రాసుకునేవాడివి. పది రాళ్ళకో అగ్గిపుల్ల ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి మార్చుకుంటూ గొణుక్కునేవాడివి. పలకరిస్తే 'లెక్క పోతుంది బావా' అని కసిరేవాడివి. రాత నీది, దారి నాది.

పధ్నాలుగేళ్ళు రాసి ఏం చేశావు? కామాలు దిద్దుకున్నావు. 'ఇంకా పూర్తి కాలేదు' అన్నావు. నేను వెయ్యకపోతే ఆ నోటుబుక్కు నీతోపాటే మట్టిలో కలిసేది. నలుగురు డ్రైవర్లకు పనికొచ్చింది అంటే నా వల్ల.

అది అలా ఉంచు. ఆ ముప్పై ఒకటోది ఏమిటి? పంతానికి పోకుండా రాయి. రాళ్ళకు సంబంధించిందా? ఏదైనా సరే, అచ్చుకు ఇచ్చేముందు సరిచేసుకుంటే మంచిదని అడుగుతున్నాను, అంతే.

పిల్ల ప్రయాణం ఖాయమైంది. ఇరవై నాలుగు. వద్దంటే వినదు. 'నాన్నా, నీ పుస్తకం ఉందిగా' అంటుంది. నిదానం దాన్ని అద్దం దగ్గర పెట్టుకున్నాడు, కళ్ళకద్దుకుని మరీ. గురువుగారి పుస్తకమట.

మీ అక్క నీ ఆరోగ్యం అడగమంది.

బావ


పై ఊరు
జనవరి 22

బావా,

మెయిల్ వ్యాను మధ్యాహ్నం వచ్చింది. నీ ఉత్తరం అందిన గంటకే ఇది రాస్తున్నాను.

'రాళ్ళకు సంబంధించిందా?' అని ఎందుకడిగావు? నేను కిరసనాయిలు మాటెత్తాను, కర్ర మాటెత్తాను, కంబళి మాటెత్తాను. రాళ్ళ మాట ఎక్కడా ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగెవరంటే నువ్వెందుకు భుజాలు తడుముకున్నావు? నీకు తెలుసు. ఎలా తెలిసిందో నాకు తెలియదు కానీ, తెలుసు.

సరే, విను. పిల్లను ఆపు.

నువ్వే రాశావుగా, పైకి ఎక్కేటప్పుడు చదువుకునేవాణ్ణి, దిగేటప్పుడు రాసేవాణ్ణి అని. దిగేటప్పుడు రాసేవాడు రాళ్ళు ఎటునుంచి లెక్కపెడతాడు? పైనుంచి. నా నోటుబుక్కులో మొదటి రాయి ఈ ఊరి చివర ఉంది, మీ ఊరి చివర కాదు. మొదటి పేజీ మొదటి వాక్యమే అది: 'ఇందులో రాళ్ళన్నీ పైనుంచి లెక్క.' ఆ పేజీ మీద నేను మూడు వరసల కవిత్వం కూడా రాసుకున్నాను, నువ్వు అది కవిత్వమని వదిలేసి రెండో పేజీనుంచి ఎత్తి రాయించావు. పైగా నీ పుస్తకంలో, 'కింది ఊరినుంచి బయలుదేరిన యాత్రికుడు' అని మొదలుపెట్టావు. క్వారీ పైనుంచి తొంభయ్యో రాయి. అంటే మీవైపునుంచి నూట యాభై ఒకటోది. వాళ్ళ డీజిల్ నూట పదికే అయిపోతుంది.

మీవైపు తొంభయ్యో రాయి దగ్గర కూడా ఎడమకి ఒక బాట ఉంది. లారీ జాడలు కూడా ఉంటాయి. అది ఇసుక తోలుకునేవాళ్ళు ఏటిలోకి దిగే బాట. ఆరు కిలోమీటర్లు పోయాక ఎండిన ఏరు తప్ప ఏమీ ఉండదు.

ఇన్నాళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదు. నీ పుస్తకం వచ్చిన ఏడాదే మధ్యలో బంకు పెట్టారు, ఇక నీ క్వారీ ఎవడికి కావాలి? నేను మాత్రం ఎదురుచూశాను. దాచడం ఎందుకు, ఎవడో ఒకడు ఆ ఏటి దాకా పోయి, తిట్టుకుంటూ వచ్చి, నీ పరువు బజారున పెడతాడని ఎదురుచూశాను. ఒక మనిషి ఇరవై రెండేళ్ళు దేనికోసమో ఆశగా బతికితే, అది ఇదే. ఆ ఎవడో మన పిల్ల అవుతుందని అనుకోలేదు. పన్నెండో తారీఖున నీకు రాస్తున్నప్పుడు కూడా అనుకోలేదు. నిదానం ఉన్నాడులే, వాడు చూసుకుంటాడులే అనుకున్నాను. కోపంగా ఉన్నప్పుడు మనిషికి అన్నీ సులువుగానే తోస్తాయి.

ఇక్కడ తంతి లైను తెగి ఉంది. కలవగానే తంతి ఇస్తాను. వ్యాను ఇరవై అయిదున దిగుతుంది. ఇది ఆలస్యమవుతుందని తెలుసు, అయినా రాస్తున్నాను. నీకు తెలిసినదేదైనా ఉంటే, ఆ రాళ్ళ సంగతి నిజంగా ఎప్పుడో తెలిసుంటే, నా ఉత్తరం కోసం ఆగకు. దాని చెయ్యి పట్టుకుని ఆపు.


కింది ఊరు
ఫిబ్రవరి 12

బావమరిదికి,

మీ అక్క ఇంట్లో మాట్లాడడం లేదు. ఈ ఉత్తరం ప్రెస్సులో కూర్చుని రాస్తున్నాను.

నీకు కొంత తెలిసే ఉంటుంది. మిగతాది చెబుతాను. ఇరవై నాలుగు మధ్యాహ్నానికి తొంభయ్యో రాయి చేరారు. పిల్ల అగ్గిపుల్లలతోనే లెక్కపెట్టింది, నేనే నేర్పాను. నిదానం బండి ఆపి, 'అమ్మా, ఇక్కడ క్వారీ ఉన్నట్టు లేదు, రాతిపొడి ఏదీ రోడ్డు మీద?' అన్నాడట. ఇది 'పుస్తకం చూడండి' అందట. చూశాడు. 'గురువుగారు రాశారంటే ఉంటుంది' అని తిప్పాడు. ఏటి దగ్గర ఇసుకలో చక్రాలు దిగాయి. ఉన్న కాస్త డీజిలూ బండిని బయటికి లాగడానికే అయిపోయింది, బండి రాలేదు. ఆ సాయంత్రం చలి కాచుకోవడానికి స్టెప్నీ టైరు తగలబెట్టుకున్నారు. ఇరవై అయిదు పొద్దున వాడు తన కంబళి దీనికి కప్పి, రోడ్డు మీదికి పోయి ఎవరినైనా ఆపుతానని నడిచాడు. రోడ్డు మీద ఎవరుంటారు? ఊరంతా మా గుమ్మం ముందు వరసలో ఉంటే!

వాణ్ణి చూసింది మెయిల్ వ్యాను వాళ్ళు. ఇరవై ఆరు పొద్దున. రాయికి ఆనుకుని కూర్చుని ఉన్నాడట, నిద్రపోతున్నాడేమో అని హారను కొట్టారట. వాడి కాలిజాడ పట్టుకుని వెళ్ళి పిల్లను తెచ్చారు. అదే వ్యానులో నీ ఉత్తరం కూడా ఉంది. నీ ఉత్తరం, వాడు, అది, ముగ్గురూ ఒకేసారి వచ్చారు.

డాక్టరమ్మకు ఎడమ పాదం మూడు వేళ్ళు తీసేశారు. టీకా సీసాలు గడ్డకట్టకుండా ఒంటికి కట్టుకుని కూర్చుందట. వాటిలో ఒక్కటీ పాడవలేదట. దానికి అదొక్కటే తృప్తి.

ఇప్పుడు విచారణ పెట్టారు. బండి రోడ్డు వదిలి ఎందుకు పోయింది అని. నన్ను పిలిచి అడిగారు. నేను ఏం చెప్పాలి? పుస్తకం సరిగ్గానే ఉంది, రాళ్ళు కొన్ని పడిపోయాయి, లెక్క తప్పి ఉంటారు అన్నాను. డ్రైవరు తప్పు అని నేను అనలేదు. వాళ్ళే అలా రాసుకున్నారు. నిదానం భార్య నిన్న గుమ్మం దగ్గర నిలబడింది. 'మా ఆయన లెక్క తప్పుతాడా సార్? ఇంట్లో బియ్యం కూడా కొలిచి పోసేవాడు' అంది.

నువ్వు ఊహించింది నిజమే. పదకొండేళ్ళ కింద మోటారు సైకిలు మీద దేశమంతా తిరిగే మనిషొకడు నాకు ఉత్తరం రాశాడు. 'మీ తొంభయ్యో రాయి దగ్గర ఏరు తప్ప ఏమీ లేదు, మీ అంకెలు తలకిందులుగా ఉన్నాయేమో చూసుకోండి' అని. చూసుకుంటే నీ దగ్గరికి రావాలి. నీ నోటుబుక్కు అడగాలి. వాడికి లెక్క రాదులే అనుకున్నాను. అనుకోగా అనుకోగా అదే నిజమైపోయింది. పుస్తకంలో ఉందని పిల్లకు నేనే చెప్పాను, చెబుతున్నప్పుడు నాకు ఆ ఉత్తరం గుర్తు రాలేదంటే నువ్వు నమ్మవు. గుర్తొచ్చింది. బండి ఇంజను మొదలెట్టాక గుర్తొచ్చింది. చెయ్యి ఎత్తాను కూడా. టాటా చెబుతున్నానని అది కూడా చెయ్యి ఊపింది.

ఒక్క మాట అడుగుతాను. ఆ నోటుబుక్కు నాకు పంపు. మళ్ళీ అచ్చులో నీ పేరు వేయిస్తాను, అట్ట మీద, నా ఫోటో తీసేసి. ఇరవై రెండేళ్ళుగా నువ్వు కోరుకున్నది అదేగా? ఇప్పుడు ఇస్తున్నాను, తీసుకో. ఆ మొదటి పేజీ ఎవరి కంటా పడకుండా చూడు. పోయినవాడు ఎలాగూ పోయాడు. నాకు డెబ్బై నాలుగేళ్ళు.

బావ


పై ఊరు
మార్చి 20

బావా,

నోటుబుక్కు నీకు పంపడం లేదు. అది ఇప్పుడు విచారణ అధికారి బల్ల మీద ఉంది. దానితోపాటు నీ ఫిబ్రవరి పన్నెండు ఉత్తరం కూడా. కోపం తెచ్చుకునేముందు మిగతాది చదువు. నా ఉత్తరాలు కూడా ఉన్నాయి, నువ్వు సొరుగులో పెట్టుకున్నవి. అక్క వాటిని పిల్లకు ఇచ్చింది, పిల్ల నా దగ్గరికి తెచ్చింది.

అవును, వచ్చింది. మొన్న పధ్నాలుగున, ఆఫీసు జీపులో, చేతికర్రతో. మేడ మెట్లు పదహారు. సాయం పట్టబోతే 'అక్కర్లేదు మామయ్యా' అంది. పొయ్యి దగ్గర కూర్చోమంటే కిటికీ దగ్గర కూర్చుంది. అక్క అల్లిన స్వెట్టరు బల్ల మీద పెట్టింది. మంచినీళ్ళిస్తే ముట్టుకోలేదు.

"మామయ్యా, నేను వస్తున్నానని మీకు ఎప్పుడు తెలిసింది?"

"పన్నెండున. మీ నాన్న రాశాడు."

"తొంభయ్యో రాయి దగ్గర తిరుగుతామని?"

"అదీ రాశాడు."

"నేను బయల్దేరింది ఇరవై నాలుగున. మధ్యలో పన్నెండు రోజులు. ఏం చేశారు?"

నేను ఎన్నో పుస్తకాలు చదివాను బావా. అబద్ధాన్ని అందంగా చెప్పడం ఎలాగో వాటిలో సగం నేర్పాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"చదువుకున్నాను" అన్నాను.

అది తలూపింది. కోపం లేదు మొహంలో. పశువుకి జబ్బేమిటో తెలిసిపోయిన డాక్టరు తలూపినట్టు ఊపింది. "నాన్న దాచాడు, మీరూ దాచారు. తేలు కుట్టిన దొంగలు ఇద్దరూ. మధ్యలో నిదానం అంకులు పుస్తకాన్ని కళ్ళకద్దుకున్నాడు" అంది. తర్వాత, "ఇరవై రెండున తంతి లైను తెగిందని రాశారు కదా?" అంది.

కర్ర తీసుకుని లేచింది. మెట్లు దిగింది. కిటికీలోంచి చూస్తున్నాను. వీధి దాటి తంతి ఆఫీసు గుమ్మం ఎక్కింది. అక్కడ గుమాస్తా నీకు తెలుసు, రోజూ సాయంత్రం కింద పఠన మందిరానికి వచ్చి నాతో పత్రికలు చదివి వాదించే మనిషి. పావుగంటకు తిరిగొచ్చింది. మళ్ళీ పదహారు మెట్లు.

"ఆ వారమంతా లైను బాగానే ఉందట. రిజిస్టరులో రాసి ఉంచారు ఆయన, ఇరవై రెండున పదకొండు తంతులు పోయాయి." ఊపిరి తీసుకుంది. "మీ గుమ్మం నుంచి ముప్పై ఆరు అడుగులు మామయ్యా. నేను కుంటుకుంటూ నడిస్తే."

నీకు మాత్రం ఎందుకు దాచాలి? తంతి ఇవ్వాలంటే ఆ గుమాస్తా ముందు కాగితం మీద రాసివ్వాలి. 'పుస్తకం తప్పు, తొంభయ్యో రాయి వద్దు, పిల్లను ఆపు.' ఆయన చదువుతాడు. ఏ పుస్తకం అంటాడు. నీకెలా తెలుసు, ఎప్పటినుంచి తెలుసు అంటాడు. సాయంత్రానికి పఠన మందిరంలో నలుగురికీ తెలుస్తుంది. ఈ ఊళ్ళో నన్ను అందరూ మోసపోయిన మనిషి అనుకుంటారు, పాపం పుస్తకం పోగొట్టుకున్నాడు అనుకుంటారు. ఆ మర్యాద మీద బతుకుతున్నాను నేను. ఉత్తరమైతే కవరు మూసి వెయ్యొచ్చు. అందుకే ఉత్తరం రాశాను. వెళ్ళలేక కాదు బావా, కాళ్ళు లేక కాదు. నిదానం నడిచిన దూరం మెయిల్ వాళ్ళు చెప్పారు. పధ్నాలుగు కిలోమీటర్లు.

ఇక్కడ మకాం వేసిన విచారణ అధికారి దగ్గరికి మర్నాడు పిల్లే తీసుకెళ్ళింది. అక్కడి గుమాస్తా తల ఎత్తకుండా అడిగాడు, "ఈ దారితోడు అనే పుస్తకం రాసిందెవరు?"

ఈ ప్రశ్న ఎవరైనా ఒక ఆఫీసులో, సాక్షుల ముందు, కాగితం మీద కలం పెట్టుకుని అడగాలని ఎన్ని రాత్రులు కోరుకున్నానో నీకు తెలియదు. జవాబు ఎలా చెప్పాలో, ఏ పదం దగ్గర ఆగాలో కూడా అనుకుని ఉంచుకున్నాను. "నేను" అన్నాను. "తప్పుందని ఎప్పుడు తెలుసు?" అన్నాడు. "అచ్చయిన రోజునుంచి" అన్నాను. అతను రెండూ ఒకే పంక్తిలో రాసుకున్నాడు.

డ్రైవరు లెక్క తప్పలేదు, పుస్తకంలో ఉన్న రాయి దగ్గరే తిరిగాడు అని రాసిచ్చాను. ఆ కాగితం నకలు నిదానం భార్యకు పంపుతామన్నారు. నిన్ను ఏప్రిల్ రెండున పిలుస్తారు. రాళ్ళు పడిపోయాయి అని మళ్ళీ అనకు. వాళ్ళు జీపు వేసుకుని వెళ్ళి లెక్కపెట్టి వచ్చారు. రెండు వందల నలభై ఉన్నాయి. ఒక్కటీ పడలేదు.

మీ ప్రెస్సు ఆయనకు చెప్పు, పుస్తకం మళ్ళీ వెయ్యక్కర్లేదు. పిల్ల రెండు రోజులు నా గదిలో ఉండి, నోటుబుక్కు నకలు ముందు పెట్టి, నాచేత దారి పట్టీ మొత్తం కిందినుంచి తిరగరాయించింది. క్వారీ, టవరు, రోడ్డు కూలీల గ్యాంగు షెడ్డు, నీళ్ళు దొరికే చోటు, బండి ఆపకూడని చోటు. కిరసనాయిలు ఎంత, కంబళి ఎందుకు, అన్నీ. ఒక్కో అంకె దగ్గర 'మళ్ళీ చూడండి' అంది. అచ్చంగా ఒక తెల్లకాగితం, అదీ ఒకవైపే. అంతే అయింది, పధ్నాలుగేళ్ళ పని. డిపో గోడకు అంటిస్తుందట, వరసలో నిలబడ్డవాళ్ళు చూసి రాసుకుంటారట.

బాగా వచ్చింది బావా. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. నా జీవితంలో నేను రాసిన మంచి పేజీ అదే. చివర పేరు రాయబోయాను. అది కాగితం లాక్కుంది.

"వద్దు మామయ్యా" అంది. "ఈసారి ఎవరి పేరూ వద్దు."